చర్చిల్‌లో బెలూగాల కాలం: పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లడం ఎలా?

ప్రశ్న: మేము కెనడాలో, మిస్సిసాగాలో ఉంటాం. కాకినాడ నుంచి మా అత్తయ్యగారు, మావయ్యగారు మే నెలలో వచ్చి సెప్టెంబరు దాకా మాతో ఉంటారు. బాబుకి పదకొండేళ్లు, పాపకి ఏడు. ఈసారి హడ్సన్ అఖాతం ఒడ్డునున్న చర్చిల్‌కి వెళ్లి తెల్ల తిమింగలాల్నీ, ధ్రువపు ఎలుగుల్నీ చూడాల్సిందేనని పిల్లల పట్టు. జూలైలో గానీ ఆగస్టులో గానీ అయిదు రోజుల సెలవు దొరుకుతుంది. మావయ్యగారికి రైల్లో వెళ్లాలని, మావారికి తిమింగలాల మధ్య కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) నడపాలని ఉంది. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. చీర తప్ప కట్టరు. అందరం శాకాహారులం. ఏ వారం వెళ్లాలి? ఏది ముందు బుక్ చేసుకోవాలి? పిల్లలతో ప్రమాదం ఉంటుందా?

సమాధానం: ముందు ఒక సంగతి తేల్చుకోండి. మీ ప్రయాణం తిమింగలాల కోసమా, ఎలుగుల కోసమా? చర్చిల్‌కి ఎలుగుల ఊరని పేరు పడిపోవడంతో చాలామంది వేసవిలోనూ వాటి కోసమే వెళ్లి, ఎక్కడో దూరాన ఒకటో రెండో కనిపిస్తే ఉసూరుమంటూ తిరిగొస్తారు. ఎలుగుల అసలు కాలం అక్టోబరు, నవంబరు మొదటి రోజులు. అఖాతం గడ్డకడితే సీళ్ల వేటకు పోవచ్చని అవి అప్పుడు తీరానికి చేరి కాచుకుని ఉంటాయి. జూలై, ఆగస్టు మాత్రం బెలూగాలవి, అంటే మీ పిల్లలు అడిగే తెల్ల తిమింగలాలవి. పశ్చిమ హడ్సన్ అఖాతంలో బెలూగాలు 50 వేలకు పైనే. వాటిలో మూడు వేలకు పైగా ఒక్క చర్చిల్ నది సముద్రంలో కలిసే చోటికే వస్తాయి. ఊళ్లో జనాభా 900 కూడా లేదు. కాబట్టి బెలూగాల కోసం బయల్దేరండి. ఎలుగు కనబడితే కొసరు అనుకోండి.

వారం విషయానికొస్తే, జూలై 15 నుంచి ఆగస్టు 10 లోపు ఏ అయిదు రోజులైనా సరే. జూన్ మధ్య నుంచే బెలూగాలు రావడం మొదలవుతుంది గానీ, జూలై మొదటి వారం దాకా మంచు పలకలు నదీముఖానికి అడ్డంపడి పడవలు ఆగిపోయే అవకాశం ఉంది. ఆగస్టు చివరికి వచ్చేసరికి అవి వెళ్లిపోతూ ఉంటాయి. పిల్లలు అరోరా కాంతులు (రాత్రి చీకట్లో ఆకాశంలో కదిలే రంగుల వెలుగులు) కూడా అడుగుతారేమో. జూలై మధ్యలో తెల్లవారుజామున 4:30 ప్రాంతానికే సూర్యోదయం, రాత్రి పది దాటాక సూర్యాస్తమయం. ఆ తర్వాత కూడా ఆకాశం పూర్తిగా నల్లబడదు. అరోరా కోసం ఆగస్టు రెండో సగానికి జరిగితే బెలూగాలు పలచబడతాయి. రెండింటికీ ఆశపడి మధ్యలో చతికిలపడటం కంటే జూలై ఆఖరి వారానికి ఖాయం చేసుకోండి. పడుకునేటప్పుడు కళ్లకు కట్టుకునే గుడ్డపట్టీలు అందరికీ తీసుకెళ్లండి. లేకపోతే పాప రాత్రి పదకొండుకి కూడా నిద్రపోదు.

ఇక రైలు. చర్చిల్‌కి రోడ్డు లేదు, విమానం లేదా రైలే గతి. మానిటోబా రాజధాని విన్నిపెగ్ నుంచి పట్టాల మీద సుమారు 1,700 కిలోమీటర్లు, టైమ్‌టేబుల్ ప్రకారమే రెండు రాత్రుల ప్రయాణం, అదీ వారానికి రెండే సర్వీసులు. ఉత్తరానికి పోయేకొద్దీ పట్టాల కింద ఉండేది ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల, దాని మీద చిత్తడి. ఎండాకాలంలో పైపొర కరిగితే పట్టా కుంగుతుంది, రైలు నత్తనడక నడుస్తుంది. పూటల తరబడి ఆలస్యం అక్కడ వార్త కాదు. 2017 వసంతంలో వరదకి లైను చాలాచోట్ల కొట్టుకుపోతే 2018 చివరిదాకా ఆ ఊరికి రైలే లేదు. మీ అయిదు రోజుల్లో రానుపోను రైలు పెట్టుకుంటే చర్చిల్‌లో ఒక్క పూట మిగులుతుంది. మావయ్యగారి ముచ్చట తీర్చాలంటే మార్గం ఒకటే: ఇంకో మూడు రోజులు సెలవు సంపాదించి, వెళ్లేటప్పుడు విమానం, వచ్చేటప్పుడు రైలు పెట్టుకోవడం. తిరుగు రైలు ఆలస్యమైతే తప్పేది మీ టొరంటో విమానం ఒక్కటే. విన్నిపెగ్‌లో ఒక రాత్రి ఖాళీ వదిలితే ఆ బాధా ఉండదు. అదే వెళ్లే రైలు ఆలస్యమైతే ముందే డబ్బు కట్టిన పడవ పోతుంది. రైలు ఖాయమైతే పెద్దవాళ్లిద్దరికీ కింది బెర్తులో, గదో తీసుకోండి. సీటు టికెట్‌తో రెండు రాత్రులు మోకాళ్లు ముడుచుకుని కూర్చోవడం అత్తయ్యగారి వల్ల కాదు.

సెలవు అయిదు రోజులే అయితే రెండువైపులా విమానమే. సెలవు మొదలయ్యే ముందురోజు సాయంత్రమే విన్నిపెగ్ చేరి అక్కడ పడుకుని, పొద్దున్నే చర్చిల్ విమానం ఎక్కండి. ఉత్తరాదికి తిరిగే చిన్న విమానాలకు సామాను బరువు పరిమితి కచ్చితం. అఖాతం మీంచి పొగమంచు కమ్మితే అవి ఆగిపోతాయి కూడా. అందుకే ఆఖరి రోజున ఏ కార్యక్రమమూ పెట్టుకోకండి.

బుక్ చేసే వరుస ఇది. ముందు పడవ నడిపేవాళ్లతో మాట్లాడి తేదీలు అడగండి, అవి కుదిరాక గదులు, ఆ తర్వాత విమానం. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. చౌకగా దొరికిందని విమానం టికెట్ కొనేశాక ఊళ్లో గదులు ఉండవు. హోటళ్లు ఉన్నవే కొద్ది. జనవరి, ఫిబ్రవరిలోనే పని మొదలుపెట్టాలి. టెంటు వేసుకుందాం అనే ఆలోచన ఉంటే వదిలేయండి. అది ఎలుగులు తిరిగే తీరం, ఊళ్లో క్యాంపు మైదానం లేదు.

పడవ తేదీలే ముందు అనడానికి కారణం ఆటుపోట్లు. చర్చిల్ దగ్గర పెద్ద పోటు రోజుల్లో నీరు నాలుగు మీటర్లకు పైగా ఎక్కి దిగుతుంది. మీ కాకినాడ తీరంలో అది రెండు మీటర్లు కూడా ఉండదు కాబట్టి మావయ్యగారికి ఈ తేడా చూడటమే ఒక వింత. పోటు ఎక్కుతుంటే బెలూగాలు దానితోపాటు నది లోపలికి ఊరి ముందుదాకా వస్తాయి, పాటు తీస్తుంటే మెల్లగా ముఖం వైపు జారతాయి. నిండు పోటుకి రెండు గంటల ముందు నుంచి రెండు గంటల తర్వాత దాకా నది లోపల చూడటానికి అనువైన సమయం. కెనడా ప్రభుత్వం ఏటా ఆటుపోట్ల పట్టికలు వేస్తుంది, చర్చిల్ రేవుకి వేరే పట్టిక ఉంది. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు. అంటే ఇవాళ ఉదయం 9కి నిండు పోటైతే రేపు దాదాపు 9:50కి. మీ అయిదు రోజుల్లో పోటు పగటిపూట ఎన్నింటికి పడుతుందో కాగితం మీద రాసుకుని, పడవవాళ్లు చెప్పే వేళతో సరిచూసుకోండి. పోటుతో సంబంధం లేకుండా రోజూ ఒకే గంటకి బయల్దేరతామని ఎవరైనా చెబితే ఎందుకని అడగండి.

రెండోది గాలి. ఉత్తరం, వాయవ్యం నుంచి గట్టిగా వీస్తే, అఖాతంలోకి పరుగెత్తే నది నీరూ, పాటూ కలిసి దానికి ఎదురెక్కుతాయి. అప్పుడు అలలు పొట్టిగా, నిటారుగా, దగ్గరదగ్గరగా లేస్తాయి. చిన్న పడవలకి అది మహా చెడ్డ నీరు. అలాంటి రోజు పడవలు మానేస్తారు, బతిమాలినా ప్రయోజనం లేదు. అందుకే మొదటి పడవ రెండో రోజునే పెట్టుకోండి, మూడో రోజో నాలుగో రోజో రెండోది. ఒకటి గాలికి పోయినా ఒకటి దక్కుతుంది. రెండూ దక్కితే రెండోసారి పిల్లలు మొదటిసారి కంటే ఎక్కువ చూస్తారు, కళ్లు అలవాటు పడతాయి కాబట్టి.

అత్తయ్యగారికి జోడియాక్ వద్దు. అది గాలి నింపిన రబ్బరు పడవ. కూర్చునేది గొట్టం లాంటి అంచు మీద, కాళ్లు మడిచి, తాడు పట్టుకుని. అల తగిలినప్పుడల్లా నడుముకీ మోకాళ్లకీ దెబ్బ. బెంచీలు, చుట్టూ కడ్డీ, వీలైతే మరుగుదొడ్డి ఉన్న పెద్ద పడవ అడగండి. రేవులో పడవ ఎక్కేటప్పుడు పాటు సమయమైతే ఎక్కే మెట్లు నిటారుగా ఉంటాయి, నిండు పోటుకి దగ్గరలో దాదాపు సమానంగా ఉంటాయి. ఈ ఒక్క ప్రశ్న ముందే అడిగితే ఆమె ప్రయాణం సుఖంగా సాగుతుంది. నీళ్లలోకి దించే మైకు, అంటే హైడ్రోఫోన్ ఉన్న పడవైతే మరీ మంచిది. బెలూగాలు ఈలలు, కిచకిచలు, తలుపు కిర్రుమన్న చప్పుళ్లు చేస్తూనే ఉంటాయి. సముద్రపు కెనరీ పిట్టలని నావికులు పేరు పెట్టింది అందుకే. కంటికి కనబడేది వీపు మాత్రమే, మిగతాదంతా చెవికే.

చూడటంలోనూ కాస్త మెళకువ ఉంది. కొత్తవాళ్లు ప్రతి నురగనీ తిమింగలం అనుకుంటారు. నురగ పుట్టిన చోటే చెదిరిపోతుంది. బెలూగా వీపు నున్నగా, విల్లులా లేచి, ఒకటి రెండు సెకన్లు నిలిచి, మునిగి, కాస్త ముందుకెళ్లి మళ్లీ లేస్తుంది. దానికి వీపు మీద రెక్క ఉండదు కాబట్టి డాల్ఫిన్‌లా గుర్తుపట్టాలని చూడకండి. పెద్దవి మూడు నుంచి నాలుగున్నర మీటర్లు, తెల్లనివి. పిల్లలు బూడిదరంగులో ఉండి తల్లి పక్కనే అంటిపెట్టుకుని ఈదుతాయి. తెల్లబడటానికి ఏళ్లు పడుతుంది. మీ పాపకి బూడిదరంగు పిల్లల్ని లెక్కపెట్టే పని అప్పగిస్తే రెండు గంటలూ కదలదు. వాటి మెడ ఎముకలు అతుక్కుపోయి ఉండవు. అందుకే తల పక్కకి తిప్పి మనిషిని చూసినట్టే చూస్తాయి. ఇంత దూరం ఎందుకొస్తాయంటే కారణాలు రెండు మూడు కలిసి ఉన్నాయి: నది నీరు అఖాతం కంటే వెచ్చన, కేపెలిన్ అనే చిన్న చేపలు గుంపులుగా దొరుకుతాయి, అడుగున గులకరాళ్లకి ఒళ్లు రుద్దుకుని పాత చర్మం వదిలించుకుంటాయి, వాటిని వేటాడే ఓర్కాల భయం తక్కువ.

బైనాక్యులర్ 8x42 చాలు. పడవ మీద 12 రెట్లు పెంచేది వణుకునే పెంచుతుంది. నల్లటి నీటి మీద తెల్లటి వీపు కాబట్టి కెమెరా తనంతట తానే వెలుగు పెంచేసి తిమింగలాన్ని సున్నపు ముద్దలా చేస్తుంది. ఎక్స్‌పోజర్‌ని మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా తగ్గించి, షట్టర్ 1/1000 కంటే వేగంగా పెట్టండి. ఫోనుతో అయితే ఫొటోల కంటే వీడియో తీసి తర్వాత అందులోంచి బొమ్మ ఏరుకోవడం తేలిక.

చట్టం గురించి మీవారికి ముందే చెప్పండి. 2018లో కెనడా సముద్ర క్షీరదాల నిబంధనల్ని సవరించింది. మామూలుగా తిమింగలాలకి 100 మీటర్లు, చర్చిల్ నదీముఖంలో బెలూగాలకి 50 మీటర్లు ఎడంగా ఉండాలి. వాటితో కలిసి ఈదడానికి, వాటిని తాకడానికి, మేత వేయడానికి వీల్లేదు. పడవ ఆగి ఉన్నప్పుడు అవే వచ్చి పడవని పరామర్శిస్తే అది మీ తప్పు కాదు. చర్చిల్‌లో తరచుగా జరిగేది కూడా అదే, వాటికి కుతూహలం ఎక్కువ. గుంపు దారికి అడ్డంగా వెళ్లడం, తల్లీపిల్లల మధ్యకి దూరడం చేయరాదు.

కయాక్ నడపవచ్చు, కానీ సొంతంగా అద్దెకి తీసుకుని కాదు. గైడు, వెంట ఒక మోటారు పడవ ఉన్న బృందంతోనే వెళ్లాలి. ఎలుగులు నీళ్లలో ఈదుతూ నది దాటుతుంటాయి, కయాక్‌లోంచి వాటిని ముందుగా చూడటం కష్టం. పాపకి ఇది కుదరదు. బాబు సంగతి నిర్వాహకుల వయసు, ఎత్తు నిబంధనల్ని బట్టి ఉంటుంది, బుక్ చేసేటప్పుడే అడగండి. అఖాతం నీరు జూలైలోనూ చాలాసార్లు పది డిగ్రీల లోపే. ఆ నీళ్లలో పడితే ఏమవుతుందో మానిటోబా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన 1-10-1 సూత్రం చెబుతుంది: మొదటి ఒక నిమిషం ఎగశ్వాస ఆగదు, అప్పుడు నోట్లోకి నీళ్లు పోకుండా చూసుకోవడమే పని. తర్వాత పది నిమిషాలు చేతులు కాళ్లు మన మాట వింటాయి. స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. అంటే లైఫ్ జాకెట్ లేకపోతే చలికన్నా ముందే మునిగిపోయే ప్రమాదం. లైఫ్ జాకెట్ బిగించాక ఎవరైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే అది గడ్డం దాటి రాకూడదు. పిల్లలదైతే కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ కూడా పెట్టాలి. చాలామంది తగిలించడం మరిచిపోయేది దాన్నే.

కయాక్‌కి డ్రై సూట్ ఇస్తారు. మెడ దగ్గరా మణికట్టు దగ్గరా రబ్బరు పట్టీ ఒంటికి అతుక్కుని నీరు రాకుండా ఆపుతుంది. మీరూ వెళ్లాలనుకుంటే తాళిగొలుసు, గాజులు, చెవి జూకాలు హోటల్లోనే తీసిపెట్టి రండి. గొలుసు మెడపట్టీ కింద నలిగితే అక్కడినుంచే నీరు కారుతుంది, గాజు పగిలితే పట్టీ చిరుగుతుంది. లోపల ఉన్ని గానీ పాలిస్టర్ గానీ బట్టలు, నూలు అస్సలు వద్దు. సూట్ వేసుకోవడానికి పావుగంట పైనే పడుతుంది. వేసుకున్నాక మూడు గంటలు బాత్రూమ్ మాట ఉండదు. టీ తర్వాత తాగొచ్చు.

బట్టల దగ్గర మన కుటుంబాలు చేసే పొరపాటు ఒకటే: ఫోనులో చర్చిల్ ఉష్ణోగ్రత 18 డిగ్రీలని చూసి జీన్సు, కాటన్ స్వెట్‌షర్టు సర్దుకోవడం. దక్షిణపు గాలి తోలితే అక్కడ 25, 30 డిగ్రీలు కూడా వస్తాయి. అదే గాలి మధ్యాహ్నానికి ఉత్తరానికి మళ్లితే గంటలో పది లోపుకి పడిపోతుంది, నీటి మీద ఇంకా తక్కువ. తడిసిన జీన్సు రోజంతా ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. ఒక్కొక్కరికి లోపల పల్చటి ఉన్ని లేదా పాలిస్టర్ జత, మీద ఫ్లీస్, ఆ పైన గాలీ నీరూ దూరని జాకెట్, ప్యాంటు. చెవులు మూసే టోపీ, రెండు జతల చేతితొడుగులు (ఒకటి తడుస్తుంది), రబ్బరు బూట్లు. పడవవాళ్లు నీటి మీద తేలే దళసరి కోటు ఇస్తారా అని అడగండి, పిల్లల సైజులు ఉన్నాయా అని కూడా.

అత్తయ్యగారి చీర సంగతి కాస్త నచ్చజెప్పాల్సిందే. ఊళ్లో, మ్యూజియంలో, రైల్లో చీర కట్టుకోవచ్చు. పడవ మీద మాత్రం కుచ్చిళ్లు తడిసి కాళ్లకి చుట్టుకుంటాయి, పడవ ఎక్కే దిగే చోట అదే ప్రమాదం. వదులుగా ఉండే ఫ్లీస్ పైజామా, మీద పొడుగు కుర్తీ, ఆ పైన వాటర్‌ప్రూఫ్ ప్యాంటు, కోటు. ఆ రెండు గంటలకే అని చెప్పండి. మోకాళ్లకి ఉన్ని తొడుగులు వేస్తే చలికి పట్టేయకుండా ఉంటాయి.

వాంతుల భయం ఉన్నవాళ్లు పడవకి గంట ముందు గ్రావోల్ లాంటి మాత్ర వేసుకోవచ్చు. ఎక్కాక వేసుకుంటే అంతగా పనిచేయదు. మావయ్యగారికి గ్లకోమా గానీ, ప్రోస్టేట్ ఇబ్బంది గానీ ఉంటే డాక్టరుని అడగకుండా ఇవ్వకండి. అది మత్తు కూడా ఇస్తుంది కాబట్టి పిల్లల మోతాదు ఫార్మసిస్టు చెప్పిందే.

ఇక దోమలు. జూలైలో దోమలు, ఆగస్టు వచ్చేసరికి బ్లాక్ ఫ్లైలు. ఈ రెండోవి కందిగింజ కంటే చిన్నవే గానీ కొరికితే రక్తం కారుతుంది, మూడు రోజులు వాచి ఉంటుంది. జుట్టులోకి, కాలర్ లోపలికి, సాక్సుల అంచులోకి పాకి మరీ కుడతాయి. గాలి వీచే ఒడ్డున బాధ తక్కువ, గాలి లేని పొదల్లో భరించలేం. లేతరంగు పొడుగు చేతుల బట్టలు వేసి, ప్యాంటు అంచు సాక్సుల్లోకి దూర్చండి. తల మీద వేసుకునే దోమతెర ఒక్కొక్కరికి ఒకటి, ఊళ్లో కొందామనుకోకుండా మిస్సిసాగాలోనే కొనండి. కెనడా ఆరోగ్యశాఖ సలహా ప్రకారం పన్నెండేళ్ల లోపు పిల్లలకి దోమల మందులో డీట్ అనే రసాయనం 10 శాతం మించకూడదు, రోజుకి మూడుసార్లకి మించి రాయకూడదు. పెద్దవాళ్లకి 30 శాతం దాకా. పిల్లలకి డీట్ బదులు 20 శాతం ఇకారిడిన్ ఉన్న మందు తీసుకుంటే రోజులో తక్కువసార్లు రాస్తే సరిపోతుంది. ముందు సన్‌స్క్రీన్, అది ఇంకాక దోమల మందు. డీట్ అంటిన చేత్తో బైనాక్యులర్, కళ్లజోడు, ఫోను కేసు పట్టుకోకండి, ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది.

ప్రమాదం గురించి అడిగారు. ఉంది, అది ఊరి అంచులో మొదలవుతుంది. జూలైలో మంచు కరగగానే ఎలుగులు ఒడ్డుకి చేరతాయి. ఆహారం లేకుండా నెలల తరబడి ఉంటాయి, రోజుకి సుమారు కిలో బరువు తగ్గుతాయి. అందుకే ఎక్కువసేపు బండరాళ్ల చాటున, ఫైర్‌వీడ్ పూల మధ్యన, సముద్రపు నాచు మీద పడి నిద్రపోతాయి. నిద్రపోయే ఎలుగు బండలాగే ఉంటుంది. బండ బూడిదరంగు తెలుపు, ఎలుగు మీగడ పసుపు. దూరం నుంచి పడవలో చూసేటప్పుడు ఇది ఆట, కాలినడకన వెళ్లేటప్పుడు కాదు. పశ్చిమ హడ్సన్ అఖాతపు ఎలుగులు 2021 లెక్కలో 618, అయిదేళ్ల ముందు 842. మంచు త్వరగా కరుగుతున్నకొద్దీ అవి ఒడ్డున గడిపే రోజులు పెరుగుతున్నాయి.

ఊరి నడిబొడ్డున పగటిపూట నడవడం మామూలే. ఎలుగు హెచ్చరిక బోర్డు కనబడితే దాని అవతల ఒక్క అడుగూ వేయొద్దు. ఒడ్డున రాళ్ల మీదకి ఎక్కడం, ఊరి వెనకున్న బీచిలోకి దిగడం, చీకటి పడ్డాక తిరగడం వద్దు. పిల్లలు ముందు పరుగెత్తకూడదు. ఏడేళ్ల పాప చెయ్యి ఎప్పుడూ ఒకరి చేతిలో ఉండాలి. ఊళ్లో చాలామంది కార్లకి తాళం వేయరు. ఎలుగు ఎదురైతే ఎవరైనా దూరిపోవచ్చని అలా వదిలేస్తారు. ఎదురైతే పరుగెత్తకండి, చచ్చినట్టు పడుకోకండి. అందరూ ఒక్కచోట చేరి, దాన్ని చూస్తూనే మెల్లగా వెనక్కి తగ్గి, దగ్గరున్న ఇంట్లోకో కారులోకో వెళ్లండి. బేర్ స్ప్రే (ఎలుగు మొహం మీద కొట్టే కారపు మందు) విమానంలో చేతిసంచిలోనూ, లగేజీలోనూ తీసుకెళ్లనివ్వరు. అది పనిచేసేది కొద్ది మీటర్ల దూరంలోనే, ఎదురుగాలి అయితే మన కళ్లలోనే పడుతుంది. దాన్ని నమ్ముకుని ఊరు దాటకండి. ఊరు దాటాలంటే తుపాకీతో వచ్చే బేర్ గార్డ్ ఉన్న బృందంతోనో, ఎత్తు చక్రాల టండ్రా బండిలోనో. పెద్దవాళ్లకి టండ్రా బండి చాలా అనువు: లోపల వెచ్చగా, కూర్చుని, కిటికీలోంచి చూడటం. వేసవిలో అందులో ఎలుగు తప్పకుండా కనిపిస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు. టార్మిగన్ కోళ్లు, బాతులు, నక్కలు, అప్పుడప్పుడు కారిబూ కనబడతాయి. ఊళ్లోకి చొరబడ్డ ఎలుగుల్ని పట్టి ఉంచే 'ఎలుగుల జైలు' బయటినుంచి చూపిస్తే పిల్లలు తెగ సంబరపడతారు. లోపలికి సందర్శకుల్ని పోనివ్వరు.

ఆర్కిటిక్ టెర్న్ పిట్టలు గూళ్లు పెట్టిన గులకరాళ్ల చోటికి వెళ్తే అవి నెత్తి మీద పొడుస్తాయి. టోపీ ఒక కర్రకి తగిలించి తలకంటే ఎత్తుగా పట్టుకోండి, దాన్నే పొడుస్తాయి. కానీ గుడ్ల మీద నుంచి తల్లి లేచిపోయిందంటే మనం వెనక్కి తిరగాల్సిన సమయం.

పడవ ఆగిన రోజుకి రెండు పనులు. ఇనుయిట్ల శిల్పాలున్న ఇట్సానిటాక్ మ్యూజియం గంటలో చూడొచ్చు. మావయ్యగారికి రైలు ఎలాగూ కుదరకపోతే స్టేషన్ భవనంలోనే పార్క్స్ కెనడా సందర్శకుల కేంద్రం ఉంది, అక్కడ కాసేపు గడుపుతారు. పడవలు నడిచే రోజైతే నదికి అవతల ఒడ్డునున్న ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కోటకి తీసుకెళ్తారు, పోటు అనుకూలిస్తేనే దిగనిస్తారు. హడ్సన్స్ బే కంపెనీ అనే ఇంగ్లీషువాళ్ల వ్యాపార సంస్థ 1731లో మొదలుపెట్టి నలభై ఏళ్లు కట్టిన రాతికోట అది. 1782లో ఫ్రెంచి నావికుడు లా పెరూజ్ మూడు ఓడలతో వస్తే ఒక్క తూటా పేలకుండా లొంగిపోయింది. బాబుకి ఈ కథ నచ్చుతుంది. అక్కడ గడ్డిలో ఎగుడుదిగుడు నడక ఉంటుంది, అత్తయ్యగారు పడవలోనే ఉండొచ్చా అని అడగండి. గాలి తక్కువగా ఉన్న రోజు ఊరి వైపు ఒడ్డున కేప్ మెర్రీ అనే చోటు నుంచే బెలూగాలు కనబడతాయి, అక్కడికి కారు వెళ్తుంది. అదీ గార్డ్ ఉన్న వేళల్లోనే.

తిండికి పెద్ద ఇబ్బంది లేదు, ఆశలు తగ్గించుకుంటే. హోటళ్లలో శాకాహారం అంటే చీజ్, బంగాళాదుంప, సూప్, పాస్తా. సూప్‌లో మాంసం నీళ్లు వాడారేమో అడగండి. కూరగాయలు దక్షిణం నుంచి మోసుకురావాలి కాబట్టి ధర ఎక్కువ, ఎంపిక తక్కువ. వంటగది ఉన్న గది దొరికితే చిన్న రైస్ కుక్కర్, రెండు కిలోల బియ్యం, కందిపొడి, పులిహోర పేస్టు, మ్యాగీ పట్టుకెళ్తే అయిదు రోజులు గడిచిపోతాయి. ఆవకాయ సీసా లగేజీలో వేసి, మూత చుట్టూ టేపు కట్టి, రెండు కవర్లలో పెట్టండి. ఒక్క జాగ్రత్త: తిండి కారులో వదలకండి, ఒడ్డున కూర్చుని టిఫిన్ డబ్బా విప్పకండి. తాలింపు వాసన మనకంటే ముందు ఎలుగుకి తెలుస్తుంది. పడవ మీదకి ఫ్లాస్కులో వేడి పాలు, బిస్కెట్లు చాలు.

మిగిలింది డాక్టరు సంగతి. ఊళ్లో ఆరోగ్యకేంద్రం ఉంది, కానీ గుండె, పక్షవాతం లాంటి పెద్ద అవసరం వస్తే విమానంలో విన్నిపెగ్ తరలించాలి. అత్తయ్యగారికీ మావయ్యగారికీ తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్సులో ఎయిర్ అంబులెన్స్ ఉందా, ఎంతవరకు ఇస్తారు, ముందునుంచీ ఉన్న బీపీ, షుగరుకి వర్తిస్తుందా అన్నది బయల్దేరేముందు కంపెనీకి ఫోన్ చేసి రాతపూర్వకంగా తెప్పించుకోండి. మందులు అయిదు రోజులకి కాకుండా పది రోజులకి సరిపడా, చీటీతో సహా, చేతిసంచిలోనే పెట్టుకోండి. ఊరు దాటితే ఫోను సిగ్నల్ ఉండదు. పడవ ఎక్కే రోజు ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో హోటల్ కౌంటర్లో చెప్పి వెళ్లండి.